కింది వాటా పనివాళ్ళు

మధ్యాహ్నం మూడున్నర దాటిందంటే పై వాటాలో కుట్టుమిషను చప్పుడు తడబడేది. దారం తెగీ కాదు, కాళ్ళు నొప్పెట్టీ కాదు. సరిగ్గా ఆ వేళకి కింది వాటా వంటింట్లోంచి గిన్నెల చప్పుడూ, ఆ చప్పుడు మధ్యలో ఇద్దరు పిల్లల నవ్వులూ మెట్లెక్కి పైకి వచ్చేవి. ఆ పిల్లలు పరాయివాళ్ళేం కాదు, మిషను తొక్కే ఆవిడ నవమాసాలూ మోసి కన్నవాళ్ళే. గిన్నెలు మాత్రం తోడికోడలివి.

"ఇక్కడ తాగిన గ్లాసు ఇక్కడ తీయని చేతులు, అక్కడ గిన్నెలు తోముతున్నాయి చూశావా" అని తనలో తాను అనుకుంటూ ఆవిడ కాలు ఆపేసేది. కుడుతున్న దిండు గలీబు సూది కిందే ఉండిపోయేది.

వీధిలో అందరూ ఆవిడని టైలరమ్మ అంటారు. బడి పిల్లల యూనిఫారాలు, బస్టాండు పక్కన లాడ్జికి దిండు గలీబులు, దుప్పట్లు కుడుతుంది. టేపు చేతిలో లేకపోయినా కంటితోనే కొలత చెప్పేస్తుంది. గోడమీద క్యాలెండరు బెత్తెడు పక్కకి ఒరిగితే ఆవిడకి నోట్లో ముద్ద దిగదు. బీరువా తెరిస్తే తువ్వాళ్ళూ దుప్పట్లూ కత్తి పెట్టి కోసినట్టు ఒకే గీతలో ఉంటాయి. లాడ్జి నుంచి వచ్చే సూపర్‌వైజరమ్మ ఒకసారి ఆ బీరువా చూసి, సొంత బట్టలే ఇలా పెట్టుకునే మనిషి మా గలీబులు వంకరగా కుడుతుందా అని, ఒక్కటి కూడా విప్పి చూడకుండా మూట పట్టుకెళ్ళింది. ఆ రోజు నుంచి ఆ లాడ్జివాళ్ళు ఆవిడ మూట విప్పలేదు. టైలరమ్మకి అది కిరీటం.

పిల్లల్లో పెద్దది ఆరేళ్ళది. ఒక్కచోట నిలవదు, గోడవారనే పరిగెడుతుంది గనక దాన్ని చిట్టెలుక అంటారు. తరవాతివాడికి నాలుగేళ్ళు. తలా పొట్టా రెండూ గుండ్రమే, అందుకని వాడు గుండు. బడి నుంచి రాగానే సంచులు గుమ్మంలో పారేసి, పాలు తాగీ తాగనట్టు తాగి, మెట్లు దిగి మాయమయ్యేవాళ్ళు.

కింద ఉండేది మరిది, అతని భార్య. ఆ అమ్మాయి ఆ ఇంటికి వచ్చి ఏడాది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. తెల్లారకముందే వెళ్ళి రెండింటికల్లా ఇల్లు చేరుతుంది. ఏ వీధి ఉత్తరం ఆ వీధి అరలో తప్పకుండా పడేసే మనిషి, ఇంటికొస్తే మాత్రం ఒక చెప్పు మంచం కింద, ఒక చెప్పు వరండాలో వదిలేస్తుంది. కర్టెనుకి ఎనిమిది కొక్కేలుంటే అయిదు తగిలించి మిగతా మూడింటినీ వాటి ఖర్మకి వదిలేస్తుంది. ఇక మరిది చొక్కాల సంగతి చెప్పనే అక్కర్లేదు. రంగుల దుకాణంలో ఉద్యోగం అతనిది. రోజూ పొద్దున్నే మెట్ల దగ్గర ఆగి, వెళ్ళొస్తా వదినా అని వెనక్కి తిరిగేసరికి, వీపు మీద ఎడమ భుజం నుంచి కుడి నడుం దాకా ఏటవాలుగా ఒక మడత.

"మీ తమ్ముడి వీపు చూశారా, కొత్తగా రోడ్డు వేశారు" అంది ఒకరోజు టైలరమ్మ భర్తతో.

ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. "గుంతలైనా లేవు, మా బస్సులు తిరిగే రోడ్ల కంటే నయమే" అన్నాడు.

అలా నవ్వుకున్నంతసేపు బాగానే ఉండేది. సాయంత్రం పిల్లలు పైకి వచ్చాకే అసలు బాధ. ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళలా వచ్చేవాళ్ళు. చిట్టెలుక నడుం మీద చెయ్యి వేసుకుని, ఇవాళ ఊపిరాడలేదమ్మా, పని ఎక్కువైపోయింది అనేది. గిన్నెలు తోమిందట, వంటింట్లో తడిగుడ్డ పెట్టిందట, ఆరిన బట్టలు తీసిందట. గుండు తన హోదా తను చెప్పుకునేవాడు: పిన్నింట్లో సాక్సులన్నీ వాడి కిందే ఉన్నాయి. ఏ సాక్సుకి ఏది జతో వాడే తేల్చాలి. ఒకరోజు నీలంది, గోధుమరంగుది కలిపి బాబాయికి ఇచ్చాడట, బాబాయి అవే తొడుక్కుని వెళ్ళాడట. వాడు అది చెబుతున్నప్పుడు ఆ మొహంలో వెలుగు చూసి తండ్రి పకపకా నవ్వాడు. తల్లి మాత్రం నవ్వలేకపోయింది. ఆ వెలుగు ఈ ఇంట్లో ఎందుకు వెలగదు?

"ఇంత పని చేస్తే పిన్ని ఏమంటుందే?" అని అడిగింది.

"ఏమీ అనదు" అంది చిట్టెలుక.

ఆ మాట ఆవిడకి అర్థం కాలేదు. బిస్కట్లు ఇస్తుందనో, కథలు చెబుతుందనో, బంగారు కొండ అని ముద్దు చేస్తుందనో అంటే సరే, అదీ ఒక ఎర అనుకోవచ్చు. ఏమీ అనని మనిషి వెనక ఈ పిల్లలు ఎందుకు పడి చస్తున్నట్టు? తను ఎంత మెచ్చుకునేది. చిట్టెలుక చెయ్యి తగిలితే చాలు, భలే చేశావమ్మా అని ఎన్నిసార్లు అనలేదు? అలాంటిది, పోయినేడు ఇదే పిల్ల చీపురు ఇమ్మని కొంగు పట్టుకుని వేలాడేది. ఆ పిల్ల ఏమైంది? ఎవరు ఎత్తుకుపోయారు?

ఈ మంట ఎవరితో చెప్పుకోవాలి? తోడికోడలు ఒక్క మాట తూలింది కాదు, పిల్లలు ఎదురు తిరిగిందీ లేదు. నా పిల్లలు వాళ్ళ పిన్ని ఇంట్లో నాలుగు చెంచాలు తుడుస్తున్నారండీ అని పంచాయితీ పెడితే నలుగురూ నవ్విపోతారు. కడుపులో దాచుకున్న నిప్పు కడుపునే కాలుస్తుంది. ఆవిడ పని చేసుకుంటూనే చెవి కిందికి వేసి కూర్చునేది. ఒక నవ్వు వినిపిస్తే, అది ఎవరి నవ్వు, దేనికి నవ్వారు అని లెక్క. నవ్వు వినిపించకపోతే ఇంకా అనుమానం.

ఒకరోజు బట్టలు ఆరేసే చోట తోడికోడలు ఎదురుపడితే ఉండబట్టలేక అనేసింది. "ఏమ్మా, నీకేం, ఇద్దరు పనివాళ్ళని పెట్టుకున్నావు" అని.

ఆ అమ్మాయి నోట్లో క్లిప్పులు పెట్టుకుని ఉంది. వాటిని తీసి నవ్వింది. "నిజమే అక్కా. వాళ్ళు రాకపోతే నాకు చెయ్యాడదు" అంది.

ఎత్తిపొడుపు ఎత్తిపొడుపులా తగిలితే కదా మనసు చల్లబడేది. ఇది రాయి విసిరితే దూదిలో పడ్డట్టయింది. పైగా చెయ్యాడదట. నా పిల్లలు రాకపోతే దీనికి చెయ్యాడదట.

ఆ వారం టైలరమ్మ లాడ్జి గలీబులు పక్కన పెట్టి, మిగిలిన పువ్వుల గుడ్డ తీసింది. పిల్లలు అన్నం తింటుంటే వెనకనుంచి వీపులు కొలిచింది. ఇద్దరికీ చెరొక ఏప్రను కుట్టింది. మెడకి తగిలించుకునే నాడా, నడుముకి కట్టుకునే తాళ్ళు, ముందు పెద్ద జేబు, జేబు చుట్టూ ఎర్ర అంచు. పెద్దవాళ్ళకి కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ కుట్టలేదు. దానికి తోడు పొట్టి చీపుర్లు రెండు కొని గోడకి ఆనించింది. శుక్రవారం బడి నుంచి రాగానే వాళ్ళకి తొడిగి, అద్దం ముందు నిలబెట్టింది. గుండు తన పొట్టమీద జేబు చూసుకుని చెయ్యి పెట్టి తీశాడు, మళ్ళీ పెట్టి తీశాడు. చిట్టెలుక గిర్రున తిరిగి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది టైలరమ్మకి.

"పిన్నికి చూపించొస్తాం" అంటూ ఇద్దరూ ఏప్రన్లతో సహా మెట్లు దిగారు. కాసేపటికి కింద గిన్నెల చప్పుడు మొదలైంది. తను కుట్టిన ఏప్రన్లు కట్టుకుని దాని గిన్నెలు తోముతున్నారు. కత్తి తనే నూరి ఇచ్చినట్టయింది.

ఇక ఆవిడ ఆగలేదు. శనివారం పొద్దున్నే మెట్ల తలుపుకి గడియ వేసింది. ఇవాళ్టి నుంచి పనంతా మన ఇంట్లోనే, కిందికి వెళ్ళడాలు లేవు అని తేల్చి చెప్పింది. గుండు గడియ వైపు చూసి, ఎప్పుడు తీస్తావు అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఎండలో ఆరిన బట్టల బుట్ట తెచ్చి చిట్టెలుక ముందు పెట్టి మడత పెట్టమంది. ఆ పిల్ల ఒక తువ్వాలు తీసింది, మూలకి మూల కలపకుండానే రెండు మడతలు వేసి పక్కన పడేసింది. ఆ పని చేసే చేతుల్లో జీవం లేదు. అయినా టైలరమ్మ వెంటనే, అబ్బ, ఎంత బాగా పెట్టావమ్మా అంది.

చిట్టెలుక తలెత్తి చూసింది. పిల్లలు అలా చూడరు. బేరం తెలిసిన పెద్దవాళ్ళు అలా చూస్తారు.

"ఎలాగూ మళ్ళీ నువ్వు పెడతావుగా అమ్మా" అంది.

"నేనేం పెడతాను?"

"నేను వెళ్ళాక విప్పి మళ్ళీ మడత పెడతావు. నేను చూశాను."

ఆ మాటలో కోపం లేదు. రేపు ఆదివారం అన్నట్టు చెప్పింది. తరవాత అడగ్గా అడగ్గా ఒక్కొక్కటే బయటికి వచ్చింది. అప్పుడు దానికి అయిదేళ్ళు. దిండు గలీబులన్నీ మడతపెట్టి దొంతర పేర్చింది. అమ్మ బంగారు తల్లివే అని ముద్దు పెట్టుకుంది. సాయంత్రం నాన్నకి చూపిద్దామని చెయ్యి పట్టుకుని లాక్కొస్తే, ఆ దొంతర దాని దొంతర కాదు. తను పెట్టినవి ఎక్కడికి పోయాయా అని మంచం కింద కూడా వెతికింది. ఇంకోరోజు మిషను వెనక నక్కి కూర్చుని చూస్తే, అప్పుడు తెలిసింది. అమ్మ మెచ్చుకుంటుంది, తను బయటికి వెళ్ళేదాకా ఆగుతుంది, తరవాత కత్తెర పక్కన పెట్టి అన్నీ విప్పుతుంది. తను కడిగిన గ్లాసు మళ్ళీ కడుగుతుంది. తను ఊడ్చిన చోట మళ్ళీ ఊడుస్తుంది.

"పిన్ని మళ్ళీ చెయ్యదు. బాబాయి చొక్కాలు మడత పెట్టేది నేనే. బాబాయి అవే వేసుకెళ్తాడు" అంది చిట్టెలుక.

టైలరమ్మకి మరిది వీపు మీది మడత గుర్తొచ్చింది. నెలల తరబడి తను వేలెత్తి చూపించి నవ్విన ఆ రోడ్డు తన కూతురు వేసిందే. ఆ కుర్రాడు దాన్ని వీపున వేసుకుని నలుగురిలోకి వెళ్ళి నిలబడ్డాడు. టైలరమ్మది మాత్రం కుట్టుపనివాళ్ళ అలవాటు: తప్పు కుట్టు కనిపిస్తే విప్పాలి, విప్పి మళ్ళీ వెయ్యాలి. గుడ్డకి నొప్పి ఉండదు గనక ఎన్నిసార్లయినా విప్పచ్చు. పిల్ల ముందు విప్పితే బాధపడుతుందని చాటుగా విప్పింది. అదే మంచితనం అనుకుంది.

అప్పటిదాకా ఉన్న ఈర్ష్య ఒకటి, ఇప్పుడు పుట్టింది ఇంకొకటి. తోడికోడలు పిల్లల్ని లాక్కుందని కుళ్ళుకున్నంతకాలం తప్పు దానిదని ఒక ఆసరా ఉండేది. ఆ ఆసరా పోయింది. కొక్కేలు తగిలించడం కూడా చేతకాని ఆ అమ్మాయికి, వంకరని వంకరగా ఉండనివ్వడం వచ్చు. తనకి రాదు. లోకంలో ఎవరి చేతిపనికీ తల వంచని మనిషి ఆ ఒక్క విద్య కోసం దాని మీద కళ్ళలో నిప్పులు పోసుకుంది.

ఆవిడ లేచి మెట్ల తలుపు గడియ తీసింది. తరవాత వచ్చి కూతురి ఎదురుగా కింద కూర్చుంది.

"కిందికి వెళ్తే వెళ్ళండి. వెళ్ళకపోతే ఈ బుట్ట మడతపెట్టి బీరువాలో పెట్టండి. నేను ముట్టుకోను."

"ఒట్టు?"

"ఒట్టు."

చిట్టెలుక తలుపు వైపు చూసింది, బుట్ట వైపు చూసింది. అప్పుడు గుండు బుట్టలో తడిమి నాన్న సాక్సు ఒకటి తీసి, దీని జత ఏదీ అన్నాడు. అంతే, పని మొదలైంది.

తువ్వాళ్ళు ఒక్కోటి ఒక్కో ఆకారంలో వచ్చాయి. ఒకటి పడవలా ఉంది, ఒకటి దిండులా ఉంది. దుప్పటిని ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగితే గుండు కూలబడ్డాడు, లేచి మళ్ళీ లాగాడు. చివరికి దాన్ని చాపలా చుట్టారు. అవన్నీ ఆ బీరువాలోకి చేరాయి. కత్తితో కోసిన గీత మీద గుట్టలు పడ్డాయి. పని అయ్యాక చిట్టెలుక గదిలోంచి బయటికి వెళ్ళింది. కానీ దూరం వెళ్ళలేదు. గుమ్మం కర్టెను కింద రెండు చిన్న పాదాలు టైలరమ్మకి కనిపిస్తూనే ఉన్నాయి.

చేతులు ఊరుకుంటాయా? పడవలాంటి తువ్వాలు అంచు బయటికి వేలాడుతోంది. ఒక్క తోపు తోస్తే చాలు. ఆవిడ రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుంది. బీరువా వైపు వీపు తిప్పి, మిషను ముందు కూర్చుని, ఏ గుడ్డా లేకుండానే చక్రం తిప్పింది. చాలాసేపటికి ఆ పాదాలు కదిలాయి.

ఆదివారం పొద్దున లేవగానే చిట్టెలుక బీరువా తెరిచి చూసింది. మధ్యాహ్నం మళ్ళీ చూసింది. సోమవారం బడికి వెళ్ళేముందు చూసింది, వచ్చాక చూసింది. పడవ పడవలాగే ఉంది. ఆ రెండు సాయంత్రాలూ పిల్లలు కిందికి వెళ్ళలేదు. కింది వాటా నిశ్శబ్దం టైలరమ్మ చెవికి సంగీతంలా ఉంది.

మంగళవారం సాయంత్రం లాడ్జి సూపర్‌వైజరమ్మ గలీబుల కోసం వచ్చింది. మూట ఇద్దామని టైలరమ్మ బీరువా తెరవగానే చాపచుట్ట దుప్పటి జారి ఆవిడ కాళ్ళ మీద పడింది. వెనకే రెండు తువ్వాళ్ళు పడ్డాయి. సూపర్‌వైజరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని బీరువా లోపలికి తొంగి చూసింది.

"ఇదేమిటి టైలరమ్మా, దొంగలు పడ్డారా?"

గుమ్మం దగ్గర చిట్టెలుక నిలబడి ఉంది. పిల్లలు పెట్టారండీ అంటే సరిపోయేది. సూపర్‌వైజరమ్మ నవ్వేసేది, మూట విప్పకుండానే వెళ్ళేది, పరువు పరువుగా ఉండేది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. టైలరమ్మ వంగి దుప్పటి చుట్టని ఉన్నది ఉన్నట్టు ఎత్తి, అరలో ఎక్కడిది అక్కడ పెట్టింది.

"మా ఇంట్లో ఇలాగే మడత పెట్టుకుంటామండీ" అంది.

సూపర్‌వైజరమ్మ మూట అందుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, మూట ముడి విప్పి, గలీబులు ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసింది. నలభై గలీబులూ చూసింది. కుట్లు లాగి చూసింది. అంతసేపూ టైలరమ్మ దోషిలా గోడకి ఆని నిలబడింది, చెవులు వేడెక్కిపోయాయి. తప్పేం దొరకలేదు గానీ, వెళ్తూ వెళ్తూ, ఇక మీదట చూసే తీసుకెళ్తాను, ఏమీ అనుకోకు అని చెప్పి మరీ వెళ్ళింది.

మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు తగ్గాక చిట్టెలుక వచ్చి తల్లి పక్కన నిలబడింది. కింద పడ్డ తువ్వాళ్ళు తీసి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది. రెండోది పెడుతూ, "మూలలు కలపడం ఎలాగమ్మా?" అని అడిగింది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో పనంటే పారిపోయిన పిల్ల, ఇవాళ తనంతట తను అడిగింది. టైలరమ్మ చూపించింది. చిట్టెలుక కలిపితే ఒక మూల కలిసింది, ఒక మూల కలవలేదు. ఆవిడ దాన్ని అలాగే తీసుకుని అరలో పెట్టింది.

అప్పుడే గుమ్మంలో అలికిడి అయింది. తోడికోడలు. చేతిలో పెద్ద పళ్ళెం నిండా బఠాణీ కాయలు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఒక కాలు గడపకి అటూ, ఒక కాలు ఇటూ పెట్టింది.

"పిల్లలు నాలుగు రోజుల్నుంచీ రావట్లేదేం అక్కా? ఒంట్లో బాగుండలేదా?" అంది. మాట మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం తల్లి మోకాలికి ఆనుకుని కూర్చున్న పిల్ల మీద, ఆ పిల్ల చేతిలోని తువ్వాలు మీద, అరలోని గుట్టల మీద ఒకటొకటిగా వాలుతున్నాయి. ఆ చూపు టైలరమ్మకి కొత్త కాదు. అద్దంలో నెలల తరబడి చూసుకున్నదే.

"మాకు ఇక్కడ చాలా పనుంది పిన్నీ" అంది చిట్టెలుక తలెత్తకుండా.

ఆ అమ్మాయి మొహం వాడింది. నిజం చెప్పాలంటే టైలరమ్మకి ఆ క్షణాన నోట్లో చక్కెర వేసినట్టయింది. ఇంకాసేపు అలాగే నిలబడనిద్దామా అనిపించింది. నిలబడనిచ్చింది కూడా, ఒక అర నిమిషం. తరవాత పీట తెచ్చి వేసింది.

"కూర్చో. ఇక్కడే ఒలుస్తారులే" అంది.

పళ్ళెం మధ్యలో పెట్టుకుని నలుగురూ కూర్చున్నారు. గింజలు సగం పళ్ళెంలో, సగం గచ్చు మీద పడుతున్నాయి. ఎవరూ ఏరడం లేదు. ఇద్దరు తోడికోడళ్ళూ మాట్లాడుకుంటూనే, పిల్లలు ఎవరి వైపు జరిగి కూర్చుంటున్నారో ఓరగా కనిపెడుతున్నారు. గుండుకి ఒక కాయలో తొమ్మిది గింజలు వచ్చాయి. వాడు దాన్ని పైకెత్తి, ఎవరికి చూపించాలా అని అటూ ఇటూ చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి చెయ్యి చాపారు.

వాడు ఈ చెయ్యి చూశాడు, ఆ చెయ్యి చూశాడు. తొమ్మిది గింజలూ తన నోట్లో వేసుకున్నాడు.